టేబుల్ సా దగ్గర పని ఎలా చేయాలి: స్టార్టర్ నొక్కక ముందు నుంచి బ్లేడు ఆగే దాకా

టేబుల్ సా (బల్ల మధ్యలోంచి పైకి లేచి తిరిగే గుండ్రటి బ్లేడుతో చెక్క కోసే మెషిన్) మీద వేళ్లు పోయిన మనిషి గురించి ఎవరిని అడిగినా మొదట వచ్చే మాట "పరధ్యానంగా ఉండి ఉంటాడు" అనే. అది చాలాసార్లు నిజం కాదు. చెయ్యి తనంతట తాను బ్లేడు మీదికి పోవడం ఒక రకం ప్రమాదం. అంతకన్నా ఘోరమైనది ఇంకోటి ఉంది. చెక్క ఒక్కసారిగా వెనక్కి తంతుంది, దాన్ని నొక్కి పట్టిన చేతికి ఆసరా పోతుంది, ఆ చెయ్యి నేరుగా బ్లేడు మీద పడుతుంది. ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసేవాడికైనా ఆ క్షణంలో చెయ్యి వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు. అందుకే జాగ్రత్తలో ఎక్కువ భాగం స్టార్టర్ నొక్కక ముందే అయిపోవాలి. మెషిన్ అమరిక, చెక్క ఎంపిక, మనం నిలబడే చోటు అప్పటికే తేలిపోయి ఉండాలి.

ఫర్నిచర్ వర్క్‌షాపుల్లో, ఇంటీరియర్ సైట్లలో పనిచేసే మేస్త్రీలను, కొత్తగా చేరిన హెల్పర్లను, వాళ్లకు పని ఇచ్చే యజమానులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. పని జరిగే వరుసలోనే వెళ్దాం.

## చెక్క ఎందుకు తంతుంది

ఇది అర్థమైతే మిగతా నియమాలు బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదు.

మనకు ఎదురుగా ఉన్న వైపు బ్లేడు పళ్లు పైనుంచి కిందికి దిగుతాయి. చెక్కను బల్లకేసి అదుముతాయి. ఇక్కడ బ్లేడు మనకు సాయమే చేస్తోంది. అవతలి వైపు అవే పళ్లు కింది నుంచి పైకి లేస్తాయి. కోత దాటిన చెక్క ఆ వెనక పళ్లకు ఒత్తుకుందంటే, అవి దాన్ని పైకి లేపి మన మీదికి విసిరేస్తాయి. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతుంటే పంటి మొన సెకనుకు 53 మీటర్లు కదులుతుంది. గంటకు 190 కిలోమీటర్లన్న మాట. అందులో సగం వేగం అందుకున్న టేకు ముక్క పొత్తికడుపుకు తగిలినా ప్రాణం మీదికి వస్తుంది.

చెక్క వెనక పళ్లకు ఒత్తుకోవడానికి కారణాలు కొన్నే. ఫెన్స్, అంటే చెక్కను ఆనించి తోసే నిటారు పట్టీ, బ్లేడుకు సమాంతరంగా లేకుండా వెనక వైపు లోపలికి వాలి ఉండటం ఒకటి. కోసిన సందు మూసుకుపోవడం ఇంకోటి. సరిగా ఆరని చెక్కలో, పెరిగేటప్పుడే ఒత్తిడి పట్టిన చెక్కలో ఇది కళ్లముందే జరుగుతుంది. కోత సగం దాటగానే రెండు భాగాలు దగ్గరికి వచ్చి బ్లేడును పట్టేస్తాయి. మూడోది, మనం చెక్కను కొంచెం పక్కకు తిప్పడం. నాలుగోది, ఫెన్స్‌కూ బ్లేడుకూ మధ్య వదులుగా వదిలేసిన ముక్క.

ఈ నాలుగింటికీ అడ్డుపడే వస్తువు ఒకటుంది. బ్లేడు వెనకే నిలబడి ఉండే సన్నటి ఉక్కు రేకు, రివింగ్ నైఫ్. కోసిన సందులో అది దూరి ఉంటుంది కాబట్టి సందు మూసుకోలేదు, చెక్క తిరిగి వెనక పళ్ల మీదికి రాలేదు. కొత్త మెషిన్ పెట్టెలోంచి తీసిన రోజే చాలామంది దీన్ని ఊడదీసి మూల పడేస్తారు. ఈ వ్యాసం మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి: నైఫ్ లేని టేబుల్ సా మీద నిలువు కోత (చెక్క పొడవు వెంట, ఫెన్స్‌కు ఆనించి కోసేది) కోయొద్దు.

## ముందు మెషిన్‌ని చూడండి

రోజూ పని మొదలుపెట్టే ముందు, మెయిన్ ఆపి ఉండగానే, ఐదు నిమిషాలు దీనికి కేటాయించండి.

నైఫ్. బ్లేడు పళ్లకూ దీనికీ మధ్య సందు 3 మిల్లీమీటర్ల కంటే తక్కువ కాకుండా, 8 దాటకుండా ఉండాలి. బ్లేడు అరిగి సానపట్టించిన కొద్దీ చిన్నదవుతుంది, అప్పుడు నైఫ్‌ను దగ్గరికి జరపాలి. మందం బ్లేడు రేకు కన్నా ఎక్కువ, పళ్లు కోసే వెడల్పు కన్నా తక్కువ ఉండాలి. ఉదాహరణకు కోత వెడల్పు 3.2, రేకు మందం 2.2 మిల్లీమీటర్లు ఉంటే నైఫ్ 2.5 నుంచి 2.8 మధ్య సరిపోతుంది. సన్న కోత బ్లేడు వేసి పాత నైఫ్ అలాగే ఉంచితే చెక్క నైఫ్ దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు మనం బలంగా తోస్తాం, అదో కొత్త ప్రమాదం.

గార్డు. బ్లేడు మీద కప్పులా ఉండి, చెక్క రాగానే లేచి, పోగానే కిందికి దిగాలి. చేత్తో లేపి వదిలి చూడండి. పొట్టు పేరుకుని పైనే ఇరుక్కుంటే శుభ్రం చేయండి. "గార్డు ఉంటే గీత కనబడదు" అన్నది అందరూ చెప్పే కారణం. నిజానికి నిలువు కోతలో కొలత ఫెన్స్ మీద ఉంటుంది, గీత చూడాల్సిన పనే లేదు. పాత పసుపు ప్లాస్టిక్ మసకబారి ఉంటే కొత్తది తెప్పించండి, తీసేయొద్దు. గాడి కొట్టేటప్పుడు, అంటే బ్లేడు చెక్క పైకి రాని కోతలో, గార్డు ఉండే వీలులేదు. కానీ బ్లేడు శిఖరం కన్నా కాస్త కిందికి ఉండే నైఫ్ అప్పుడు కూడా ఉండొచ్చు. గాడి పని కాగానే గార్డు మళ్లీ దాని చోటికి రావాలి.

ఫెన్స్. బ్లేడులో ఒక పంటికి మార్కర్‌తో చుక్క పెట్టండి. బల్ల మీద బ్లేడు పక్కన పొడవునా ఉండే గాడి నుంచి ఆ పంటికి దూరం ముందు వైపు కొలవండి, బ్లేడును చేత్తో తిప్పి అదే పంటిని వెనక వైపు కొలవండి. రెండూ ఒకటే రావాలి. తర్వాత ఫెన్స్‌ను అదే గాడితో సరిచూడండి. వెనక వైపు కాగితం మందమంత దూరం ఎక్కువున్నా నష్టం లేదు, తగ్గితే మాత్రం ఆ రోజు కోత వద్దు. గట్టి చెక్క కోసేటప్పుడు ఇంకో మంచి పద్ధతి ఉంది. ఫెన్స్‌ను బ్లేడు దాటి చివరిదాకా పోనివ్వకుండా, దాని కొస బ్లేడు ముందు సగం దగ్గరే ఆగేలా వెనక్కి లాగి బిగిస్తారు. కోత దాటిన చెక్క విచ్చుకోవడానికి అక్కడ చోటు దొరుకుతుంది. ఫెన్స్ జరగని రకమైతే దానికి పొట్టి పలక ఒకటి బిగించినా అదే పని చేస్తుంది. ప్లైవుడ్, ఎండీఎఫ్ షీట్లకు పూర్తి పొడవు ఫెన్సే మేలు.

బ్లేడు చుట్టూ ఉండే పట్టీ. సందు పెద్దదైపోతే సన్న ముక్కలు లోపలికి జారి ఇరుక్కుంటాయి. 12 మిల్లీమీటర్ల ప్లైతో కొత్త పట్టీ చేసుకోవడం అరగంట పని.

స్టార్టర్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కోత మధ్యలో కరెంటు పోయింది. కార్మికుడు ఇరుక్కున్న ముక్కను చేత్తో తీస్తున్నాడు. ఇంతలో కరెంటు వచ్చింది. మామూలు స్విచ్‌తోనో ఎంసీబీతోనో నడిచే మెషిన్ అయితే అక్కడికక్కడే తిరగడం మొదలుపెడుతుంది. పచ్చ, ఎర్ర బటన్లుండే డీఓఎల్ (డైరెక్ట్ ఆన్ లైన్) స్టార్టర్‌లో నో-వోల్ట్ కాయిల్ ఉంటుంది. కరెంటు పోగానే అది వదిలేస్తుంది, మళ్లీ పచ్చ బటన్ నొక్కితే తప్ప మెషిన్ కదలదు. టేబుల్ సాకు ఇదే ఉండాలి. బోరు మోటార్లకు పెట్టే ఆటో స్టార్టర్‌ను మాత్రం పొరపాటున కూడా తగిలించకండి. కరెంటు రాగానే తనంతట తాను మోటారు వేయడమే దాని పని. పొలంలో రైతుకు అది అర్ధరాత్రి నిద్ర మిగులుస్తుంది, ఇక్కడ చేతులు తీస్తుంది. ఎర్ర బటన్ పుట్టగొడుగు ఆకారంలో పెద్దగా, తొడతో నొక్కినా ఆగేలా ముందు వైపే ఉండాలి. ఎర్తింగ్ సరిగా ఉండాలి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి.

## తిరగేసిన కట్టర్ గురించి

సైట్లలో చాలాచోట్ల టేబుల్ సా అని పిలిచేది నిజానికి టేబుల్ సా కాదు. ప్లైవుడ్ బల్లకు రంధ్రం పెట్టి, కిందనుంచి చేతి కట్టర్‌ను తిరగేసి బిగిస్తారు. కొన్నిచోట్ల అది రాయి కోసే 4 అంగుళాల మార్బుల్ కట్టర్ కూడా. దానికే చెక్క బ్లేడు వేస్తారు. స్విచ్ ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా టేపు చుట్టేస్తారు, ఆపాలంటే వంగి ఎక్స్‌టెన్షన్ బోర్డులోంచి పిన్ను పీకాలి. నైఫ్ లేదు, గార్డు లేదు, ఫెన్స్ అంటే రెండు క్లాంపులతో పట్టించిన రీపరు. మార్బుల్ కట్టర్ నిమిషానికి 12,000 చుట్లకు పైగా తిరుగుతుంది. ఆ వేగంలో తన్నే చెక్కను ఏ చెయ్యీ ఆపలేదు.

ఇది డబ్బు మిగిల్చే ఉపాయం కాదని గట్టిగా చెబుతున్నాను. అదే డబ్బుతో ఇంతకన్నా మంచి పద్ధతి ఉంది. గార్డు ఉన్న 7 అంగుళాల చేతి సర్క్యులర్ సాను తిరగేయకుండా, దాని సహజమైన తీరులోనే వాడండి. షీట్‌ను నేలమీద థర్మాకోల్ పలకల మీదో నాలుగు రీపర్ల మీదో పరచండి. తిన్నటి అల్యూమినియం పట్టీని క్లాంపులతో బిగించి, దాని వెంట మెషిన్ నడపండి. చేతులు రెండూ పిడి మీదే ఉంటాయి. షీట్ పనికి కొలత కూడా ఆ బల్ల మీద వచ్చేదానికన్నా తిన్నగా వస్తుంది. టేబుల్ సా తప్పనిసరి అయితే, నైఫ్, గార్డులతో వచ్చే సైటు మోడళ్లు మార్కెట్లో ఉన్నాయి.

ఇనుప బల్ల, బెల్టు, మోటారుతో ఊళ్లో తయారు చేయించిన పాత మెషిన్ల సంగతి వేరు. వాటికి నైఫ్ అమర్చవచ్చు. బ్లేడు పైకీ కిందికీ కదలని రకమైతే ఇంకా సులువు. మంచి స్టీల్ ప్లేటుతో, బ్లేడు వంపుకు సరిపడేలా, చేత్తో ఊపితే కదలకుండా బిగించేలా చేయించండి. బెల్టుకు, బల్ల కింద తిరిగే బ్లేడు భాగానికి కూడా కవరు వేయించండి. పొట్టు తీయడానికి కిందికి చెయ్యి పెట్టి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

## బ్లేడు

బ్లేడు మీద రాసి ఉండే గరిష్ఠ ఆర్‌పీఎం మెషిన్ వేగం కన్నా ఎక్కువ ఉండాలి. మధ్య రంధ్రం షాఫ్టుకు సరిగ్గా సరిపోవాలి. కాగితం చుట్టి, వైరు చుట్టి సరిపెట్టడం వద్దు. 10 అంగుళాల సైజులో గట్టి చెక్క నిలువు కోతకు 24 పళ్లది, అడ్డకోతకు 60 నుంచి 80 పళ్లది, లామినేట్ అంటించిన షీట్లకు 80 పళ్లది వాడండి. ఎక్కువ పళ్ల బ్లేడుతో మందపాటి టేకు నిలువునా కోస్తే పొట్టు బయటికి పోక చెక్క మాడుతుంది. మాడిన వాసన వచ్చినా, కోసిన అంచు నల్లబడినా, నిన్నటికన్నా ఎక్కువ తోయాల్సి వచ్చినా అక్కడితో ఆపి బ్లేడు మార్చండి. మొద్దుబారిన బ్లేడే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే బలమంతా మన చేతులోంచి పోతుంది.

మార్చేటప్పుడు పిన్ను పీకి, అది కంటికి కనిపించేలా బల్ల మీద పెట్టండి. త్రీ ఫేజ్ అయితే ఐసోలేటర్ (మెషిన్‌కు కరెంటు పూర్తిగా తెంచే స్విచ్) ఆపి తాళం వేసి, తాళంచెవి మార్చే మనిషి జేబులోనే ఉంచుకోవాలి. పంటి మొనలు మన వైపు కిందికి చూస్తున్నాయో లేదో సరిచూసుకుని, చేత్తో ఒక చుట్టు తిప్పి, ఎక్కడా తగలడం లేదని తేలాకే కరెంటు ఇవ్వండి.

## ఒంటి మీద ఏముంది

గ్లౌజులు వద్దు. చాలామంది ఆశ్చర్యపోతారు గానీ, తిరిగే బ్లేడుకు గ్లౌజు అంచు దొరికితే వేలితో ఆగదు, చెయ్యి మొత్తం లాక్కుంటుంది. బ్లేడు మార్చేటప్పుడు, షీట్లు మోసేటప్పుడు వేసుకోండి, కోసేటప్పుడు తీసేయండి. ఉంగరాలు, కడియాలు, వాచీ, చేతికి కట్టిన ఎర్రదారాలు, రాఖీ, మెడలో వేలాడే గొలుసు, భుజం మీది తువ్వాలు, ఏవీ మెషిన్ దగ్గరికి రాకూడదు. పొడుగు చేతుల చొక్కా అయితే మోచేతి పైకి బిగుతుగా మడవాలి. లుంగీ వద్దు. కళ్లకు పక్కలు మూసిన అద్దాలు, చెవులకు మఫ్, కాళ్లకు మూసిన బూట్లు. హవాయి చెప్పులతో పొట్టు మీద జారడం మామూలు విషయం, మెషిన్ ముందు జారితే చెయ్యి ఆసరా కోసం బల్ల మీదికే పోతుంది.

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా వర్క్‌షాపుల్లో దీక్షలో ఉన్నవాళ్లు ఉంటారు. మెడలో మాలలు, భుజాన కండువా, కాళ్లకు చెప్పులుండవు. వాళ్ల నియమాన్ని గౌరవిస్తూనే, ఆ మండలం రోజులు వాళ్లను ఫిట్టింగ్, కొలతలు, పాలిష్ లాంటి పనులకు మార్చడం యజమాని బాధ్యత. స్వామిని మెషిన్ మీద నిలబెట్టి "జాగ్రత్త స్వామీ" అంటే సరిపోదు.

మందు తాగినవాడు, రాత్రంతా నిద్రలేనివాడు, మగత తెప్పించే జలుబు మాత్ర వేసుకున్నవాడు ఆ రోజు మెషిన్ ముట్టుకోకూడదు. ఇందులో మొహమాటం లేదు.

## చెక్కను చదవండి

బల్ల మీద పెట్టే అంచు, ఫెన్స్‌కు ఆనే అంచు, ఈ రెండూ తిన్నగా ఉండాలి. దోనెలా వంగిన చెక్కను, మెలికపడిన చెక్కను ముందు ఒక ముఖం చిత్రిక పట్టి చదును చేయండి. ఒక అంచూ తిన్నగా లేకపోతే తిన్నటి ప్లై పట్టీ ఒకటి దాని కింద స్క్రూలతో బిగించి, ఆ పట్టీని ఫెన్స్‌కు ఆనించి మొదటి కోత తీయండి. వదులు ముడులు ఎక్కడున్నాయో చూడండి, కోతలో అవి ఊడి రాయిలా ఎగురుతాయి.

పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే టేకు దూలాలు, ద్వారబంధాలంటే మనవాళ్లకు ఇష్టం, చెక్క కూడా అంత బాగుంటుంది. వాటిలో తలలు విరిగిపోయిన మేకులు లోపలే ఉంటాయి. రంగు గీకి చూడండి, బలమైన అయస్కాంతం అంతటా తిప్పండి. మేకుకు తగిలితే కార్బైడ్ పన్ను విరిగి ముఖానికి కొడుతుంది.

30 సెంటీమీటర్ల కన్నా పొట్టి ముక్కను నేరుగా బల్ల మీద కోయకండి. పొడుగు చెక్కగా ఉండగానే నిలువు కోత తీసి, తర్వాత పొట్టిగా నరుక్కోండి. చిన్న ముక్కే కోయాల్సి వస్తే స్లెడ్ (బల్ల గాడిలో జారే పలక) మీద క్లాంపుతో పట్టించి కోయండి.

## నిలువు కోత, అడుగు అడుగునా

ఫెన్స్ కొలతకు పెట్టి బిగించండి, బిగించాక చేత్తో తోసి చూడండి. బ్లేడు ఎత్తు చెక్క మందం కన్నా ఒక పంటి ఎత్తు మాత్రమే ఎక్కువ ఉండాలి. గార్డు దించండి. పుష్ స్టిక్ (చెయ్యికి బదులు చెక్కను తోసే కర్ర) కుడిచేతికి అందేలా, ఫెన్స్ అవతల బల్ల మీద పెట్టండి. కోత మొదలయ్యాక దాని కోసం వెతకడం ఉండకూడదు. కోసిన చెక్క వెళ్లే దారి ఖాళీగా ఉందా, వెనక బల్ల ఉందా చూడండి.

బ్లేడు గీతకు సరిగ్గా ఎదురుగా నిలబడకండి. ఫెన్స్ కుడివైపు ఉంటే మీరు బ్లేడు గీతకు ఎడమ వైపు ఉండాలి. ఎడమకాలు ముందు, కుడికాలు కాస్త వెనక. చెక్క తన్నినా మీ పక్కనుంచి పోవాలి. ఆ దారిలో ఇంకెవరూ నిలబడకుండా నేల మీద పసుపు గీత గీయించండి, టీ తెచ్చే కుర్రాడు కూడా అటునుంచి రాకూడదు.

చెక్క బ్లేడుకు తగలకుండా బల్ల మీద ఉంచి స్టార్టర్ నొక్కండి. మోటారు శబ్దం ఒక స్థాయికి వచ్చి నిలకడగా మారేదాకా ఆగండి. ఎడమచేతి వేళ్లన్నీ దగ్గరగా చేర్చి, బ్లేడుకు కనీసం ఒక జానెడు ఇవతల, చెక్కను ఫెన్స్ వైపు మాత్రమే ఒత్తండి. ఆ చెయ్యి అక్కడే ఉంటుంది, చెక్కతో పాటు ముందుకు పోదు. ముందుకు తోసేది కుడిచెయ్యి, చెక్క వెనక కొస దగ్గర, బొటనవేలు బయటికి చాచకుండా. చూపు బ్లేడు మీద కాదు, చెక్క ఫెన్స్‌కు ఆనే చోట ఉండాలి. అక్కడ వెలుతురు గీత కనిపించిందంటే చెక్క పక్కకు తిరుగుతోందన్న మాట.

శబ్దం వింటూ ఉండండి. గొంతు బొంగురుపోయినట్టు దిగితే వేగం తగ్గించండి. చివరి 30 సెంటీమీటర్లు మిగిలాక కుడిచేతిలోకి పుష్ స్టిక్ రావాలి, ఎడమచెయ్యి బల్ల మీదనుంచి తప్పుకోవాలి. తోయాల్సింది ఫెన్స్‌కూ బ్లేడుకూ మధ్య ఉన్న ముక్కను. దాని వెనక కొస నైఫ్‌ను కూడా దాటేదాకా తోయండి. బ్లేడు పక్కన ఆపేస్తే అదే రేపు తన్నే ముక్క. ఎడమ వైపు మిగిలిన ముక్క అక్కడే ఉండనివ్వండి. బ్లేడు తిరుగుతుండగా దాని మీదుగా చెయ్యి చాచి ఏదీ తీసుకోకండి.

పుష్ స్టిక్ కనీసం 45 సెంటీమీటర్లు ఉండాలి, కొసన చెక్కను కరిచి పట్టేలా కోణం కోసి ఉండాలి. 12 మిల్లీమీటర్ల ప్లై తుక్కుతో ఒకేసారి పది చేసి మెషిన్‌కు వేలాడదీయండి. అవి తెగుతాయి, తెగనివ్వండి. వాటి పని అదే.

కోత మధ్యలో చెక్క బిగుసుకుపోతే వెనక్కి లాగకండి. రెండుచేతులా చెక్కను బల్లకు, ఫెన్స్‌కు నొక్కి పట్టుకుని తొడతో ఎర్ర బటన్ నొక్కండి. బ్లేడు పూర్తిగా ఆగాక, కోసిన సందులో చెక్క చీలిక దూర్చి విడదీయండి.

### సన్న పట్టీలు

బీడింగ్ కోసం 10, 12 మిల్లీమీటర్ల పట్టీలు తీసేటప్పుడే ఎక్కువ వేళ్లు ప్రమాదంలో పడతాయి. పట్టీ ఫెన్స్‌కూ బ్లేడుకూ మధ్య వస్తే గార్డు అడ్డం అవుతుంది, చెయ్యి పట్టే చోటు ఉండదు. పట్టీ ఎడమ వైపు, అంటే ఫెన్స్‌కు దూరంగా ఉన్న వైపు, తెగి పడేలా పెట్టుకోండి. ప్రతి కోతకూ ఫెన్స్ జరపాలి, కాస్త ఆలస్యమవుతుంది. బ్లేడుకు బాగా ముందు ఎడమ వైపు ఒక దిమ్మ బిగించి, చెక్క దానికి ఆనేలా ఫెన్స్ జరుపుకుంటూ పోతే అన్నీ ఒకే మందంలో వస్తాయి. చెక్కను ఫెన్స్‌కు అదిమి పట్టే, దువ్వెన పళ్లలా కోసిన ఫెదర్ బోర్డు వాడితే అది బ్లేడుకు ఇవతలే ఉండాలి. బ్లేడు పక్కన పెడితే అదే సందును మూసేస్తుంది.

## అడ్డకోత

అడ్డకోతకు మైటర్ గేజ్ (బల్ల గాడిలో జారుతూ చెక్కకు వెనక నుంచి ఆసరా ఇచ్చేది) లేదా స్లెడ్. ఫెన్స్‌నూ మైటర్ గేజ్‌నూ కలిపి వాడకండి. తెగిన ముక్క ఫెన్స్‌కూ బ్లేడుకూ మధ్య ఇరుక్కుని తుపాకీ గుండులా వస్తుంది. ఒకే కొలతలో పది ముక్కలు కావాలంటే, ఫెన్స్‌కు బ్లేడుకు బాగా ఇవతల ఒక దిమ్మను క్లాంపు చేసి, కొలత దానికి ఆనించి తీసుకోండి. చెక్క బ్లేడును చేరేసరికి దిమ్మను వదిలేసి ఉంటుంది. ఏ ఆధారం లేకుండా చేత్తో పట్టుకుని కోయడం, "ఒక్క ముక్కే కదా" అని అయినా సరే, వద్దు.

## పూర్తి షీట్లు, వెనక నిలబడే మనిషి

8 అడుగులకు 4 అడుగుల 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ షీట్ సుమారు 40 కిలోలు తూగుతుంది. చిన్న బల్ల మీద దాన్ని ఒక్కడే నెట్టడం అంటే సగం బలం షీట్ పడిపోకుండా ఆపడానికే సరిపోతుంది. ముందు చేతి సర్క్యులర్ సాతో రెండు మూడు ముక్కలు చేసి, తర్వాత టేబుల్ సా మీద ఖచ్చితమైన కొలతకు తెచ్చుకోండి.

వెనక హెల్పర్ నిలబడితే, బ్లేడు నుంచి వెనక బల్ల కొస దాకా కనీసం 1.2 మీటర్ల దూరం ఉండేలా బల్ల పొడిగించాలి. హెల్పర్ పని బరువు మోయడం మాత్రమే. లాగకూడదు, పక్కకు తిప్పకూడదు. లాగితే తోసేవాడి చెయ్యి ఊహించని వేగంతో ముందుకు పోతుంది. ఇది మాటల్లో చెబితే చాలదు, మెషిన్ ఆపి ఒక షీట్‌తో నాలుగుసార్లు చేయించండి. ఆపమనే సైగ ఏదో ముందే అనుకోండి, చెవులకు మఫ్ ఉన్నప్పుడు అరుపు వినిపించదు.

## దుమ్ము, శబ్దం

చెక్క దుమ్ము ముక్కులోనూ దాని చుట్టూ ఉండే సైనస్‌లలోనూ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ఎండీఎఫ్ దుమ్ము మరీ సన్నం, దాన్ని అతికించే జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. మెషిన్‌కు దుమ్ము లాగే గొట్టం పెట్టించండి, ఎన్95 మాస్కు ఇవ్వండి. కంప్రెషర్ గాలితో ఊదడం వల్ల దుమ్ము పోదు, గాలిలోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బీడీలు, సిగరెట్లు, వెల్డింగ్ ఆ గదికి దూరంగా. చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందంటే చెవులకు మఫ్ అవసరమని అర్థం.

## యజమాని చేయాల్సింది

తిరిగే ప్రమాదకర భాగాలకు గట్టి కంచె ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌లోనే రాశారు. గార్డు తీసి పనిచేయడం కార్మికుడి ఇష్టానికి వదిలే విషయం ఎన్నడూ కాదు. గార్డు, నైఫ్ తీసిన మెషిన్ మీద పని చేయనని చెప్పే హక్కు కొత్తగా చేరిన హెల్పర్‌కు కూడా ఉండాలి. ఆ మాట యజమానే అందరి ముందూ చెప్పాలి. మెషిన్ నడపగలవాళ్ల పేర్లు గోడ మీద రాసి పెట్టండి, మిగతావాళ్లు ముట్టుకోకూడదు. 18 ఏళ్లు నిండనివాళ్లను దాని దగ్గరికి రానివ్వొద్దు. ముక్కల లెక్కన కూలీ ఇచ్చే చోట ఈ మెషిన్ పనిని మాత్రం రోజు లెక్కకు మార్చండి, తొందర పెట్టేది ఆ లెక్కే.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మొదటి షెడ్యూల్‌లో బొటనవేలు పూర్తిగా పోతే సంపాదించే శక్తిలో 30 శాతం నష్టం, చూపుడు వేలు పోతే 14 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 శాతం అని ఉండేది. ఇవి నష్టపరిహారం కట్టడానికి వేసిన లెక్కలు. ఉలి పట్టి బతికే మనిషికి కుడిచేతి బొటనవేలు 30 శాతం కాదు. అతనికి తెలిసిన పని మొత్తం ఆ వేలు మీదే ఉంది.

## వేలు తెగితే

మొదట మెషిన్ ఆపండి. శుభ్రమైన గుడ్డను గాయం మీద గట్టిగా అదిమి, చెయ్యి గుండె కన్నా ఎత్తులో పట్టుకోండి. పసుపు, కాఫీ పొడి, సున్నం ఏవీ అద్దకండి, తర్వాత డాక్టర్ వాటిని కడిగి తీయడానికే సమయం పోతుంది. మనిషిని కూర్చోబెట్టండి లేదా పడుకోబెట్టండి, సర్జరీ అవసరం కావొచ్చు కాబట్టి తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి. 108కి ఫోన్ చేయండి.

తెగిన వేలిని వెతకండి, పొట్టులో పడి ఉంటుంది. మంచినీళ్లతో మెల్లగా కడిగి, రుద్దకుండా, తడిపి పిండిన శుభ్రమైన గాజుగుడ్డలో చుట్టండి. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి గాలి చొరకుండా మూతి కట్టండి. ఆ కవర్‌ను ఐస్, నీళ్లు కలిపిన ఇంకో కవర్లో ఉంచండి. వేలు నేరుగా ఐస్‌కు తగిలితే కణాలు చచ్చిపోతాయి, నీళ్లలో నానినా పాడవుతుంది. వేలు చాలా నలిగిపోయినట్టు కనిపించినా వెంట తీసుకెళ్లండి, పనికొస్తుందో లేదో చెప్పాల్సింది డాక్టర్. మీ ఊరికి దగ్గరలో తెగిన వేళ్లు అతికించే ప్లాస్టిక్ సర్జన్ ఏ ఆసుపత్రిలో ఉన్నారో ఈరోజే కనుక్కుని, ఆ నంబరు, ఈఎస్ఐ పరిధిలో ఉంటే కార్మికుల కార్డుల వివరాలు ఫస్ట్ ఎయిడ్ పెట్టె మూత మీద అంటించండి.

మనిషిని పంపాక మెషిన్‌ను కడిగి పని మళ్లీ మొదలుపెట్టకండి. ఐసోలేటర్‌కు తాళం వేయండి. చెక్క ఎటు పడింది, ఫెన్స్ ఎక్కడ ఉంది, నైఫ్ ఉందా, బ్లేడు ఎంత ఎత్తులో ఉంది, ఫోటోలు తీసి రాసి పెట్టండి. తన్నిన చెక్క మీద వెనక పళ్లు గీసిన వంపు గీత ఉంటుంది, అది ఎలా జరిగిందో చాలావరకు చెప్పేస్తుంది. కారణం తేలి, దాన్ని సరిచేసి, ఆ మెషిన్ నడిపేవాళ్లందరికీ చూపించిన తర్వాతే తాళం తీయండి.